8 జీబీ మెషీన్‌లో ఎడిటర్ బరువు దించడం: ప్రాజెక్టు డైరీ

మెషీన్: 8 జీబీ మెమొరీ, లైనక్స్, కాస్త పాత కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండె లాంటి భాగం). ప్రాజెక్టు: టైప్‌స్క్రిప్ట్ భాషలో రాసిన వెబ్ అప్లికేషన్, దాని పక్కనే తెలుగు అనువాదాల ఫైళ్ళు. కోడ్ రాసుకునే ఎడిటర్: వీఎస్ కోడ్. జబ్బు: ఫోల్డర్ తెరిచాక మొదటి సజెషన్ (టైప్ చేస్తుంటే ఎడిటర్ అందించే మాట) రావడానికి ముప్పావు నిమిషం దాకా పడుతోంది, బ్రౌజర్ కూడా తెరిస్తే మౌస్ పాయింటర్ సైతం మొరాయిస్తోంది. ఏం చేశానో, ఎక్కడ బోల్తా పడ్డానో వరసగా రాస్తున్నాను. ఇదే బాధ ఉన్నవాళ్ళు నేరుగా దశ 3కి వెళ్ళినా నష్టం లేదు. నేను అక్కడికి చేరేసరికి 14 గంటలు పోయాయి.

దశ 0: కొలవడం (5 గంటలు, అందులో 3 వృథా)

మూడు అంకెలు చూడాలనుకున్నాను. విండో తెరుచుకునే సమయం, మొదటి సజెషన్ వచ్చే సమయం, ఎడిటర్‌కి సంబంధించిన ప్రాసెస్‌లన్నీ కలిపి తినే మెమొరీ.

మొదటి రోజు కొలతలన్నీ చెత్తబుట్టలోకి పోయాయి. పొద్దున తెరిస్తే 4 సెకన్లు, మూసి మళ్ళీ తెరిస్తే 2 సెకన్లు. రెండోసారి ఫైళ్ళు డిస్క్ నుంచి కాకుండా కెర్నెల్ క్యాష్ నుంచి వస్తాయన్న సంగతి నాకు తెలుసు. కానీ తెలిసిన సంగతి అవసరమైనప్పుడు గుర్తుకొస్తేనా! ఒక సెట్టింగ్ మార్చి, మళ్ళీ తెరిచి, "ఆహా, సగానికి తగ్గింది" అని రాసుకున్నాను. ఆ సెట్టింగ్‌కీ దానికీ ఏ సంబంధమూ లేదు.

మెమొరీ దగ్గర ఇంకో పొరపాటు. టాప్ కమాండ్‌లో కనిపించే ఆర్ఎస్ఎస్ (ఒక్కో ప్రాసెస్ వాడుతున్న మెమొరీ) అంకెలన్నీ కూడితే 4.4 జీబీ వచ్చింది. ఎలక్ట్రాన్ అనే బ్రౌజర్ లాంటి చట్రం మీద కట్టిన ఎడిటర్ ఒకటే ప్రోగ్రామ్‌లా కనిపించినా లోపల పదీ పదిహేను ప్రాసెస్‌లు. వాటి మధ్య ఉమ్మడిగా ఉన్న పేజీలను ఆర్ఎస్ఎస్ ప్రతి ప్రాసెస్ ఖాతాలోనూ వేస్తుంది. కూడాల్సింది పీఎస్ఎస్: ఉమ్మడి పేజీని వాడుకునేవాళ్ళ మధ్య పంచి లెక్కకట్టే అంకె. ఎస్‌మెమ్ అనే చిన్న టూల్ ఈ కూడిక చేసిపెడుతుంది.

చివరికి నిలబడిన పద్ధతి ఇది:

1. కెర్నెల్ క్యాష్ ఖాళీ అవడానికి సింక్ కమాండ్ కొట్టి, డ్రాప్ క్యాషెస్ ఫైల్లో 3 అని రాయాలి. దానికి రూట్ అనుమతి కావాలి.
2. ఎడిటర్ తెరిచి "స్టార్టప్ పర్ఫార్మెన్స్" పేజీలో ఉన్న అంకె రాసుకోవాలి.
3. ఎప్పుడూ అదే ఫైల్లో, అదే లైన్లో చుక్క పెట్టి, సజెషన్ వచ్చేదాకా స్టాప్‌వాచ్ చూడాలి.
4. 5 నిమిషాలు ఆగి పీఎస్ఎస్ కూడాలి.
5. ఇదంతా 5 సార్లు చేసి మధ్య అంకె తీసుకోవాలి. సగటు వద్దు. నడుమ ఒక్కసారి అప్‌డేట్ దిగినా సగటు పాడైపోతుంది.

మొదటి లెక్క: విండో 4.2 సెకన్లు, సజెషన్ 41 సెకన్లు, మెమొరీ 3.1 జీబీ. పోయిన గంటలు: 5.

దశ 1: ఎక్స్‌టెన్షన్లు (6 గంటలు)

ఎడిటర్‌కి తగిలించుకునే ఈ అదనపు ముక్కల జాబితా చూస్తే 43 ఉన్నాయి. వాటిలో డజను ఎందుకు పెట్టానో నాకే గుర్తులేదు.

వీఎస్ కోడ్‌లో ఎక్స్‌టెన్షన్ బైసెక్ట్ అని ఒకటుంది. కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్ అనే టూల్లో ఉన్న బైసెక్ట్ లాంటిదే. సగం ఎక్స్‌టెన్షన్లు ఆపేసి "ఇప్పుడు బాగుందా?" అని అడుగుతుంది, మన జవాబును బట్టి మళ్ళీ సగం చేస్తుంది. 43 అయితే 6 విడతల్లో దోషి దొరకాలి. దొరికింది కూడా: ఒక కలర్ థీమ్! దాన్ని తీసేశాను. ఏ అంకే కదల్లేదు.

తప్పు టూల్‌ది కాదు. దోషి ఒక్కటే అయినప్పుడే, జవాబు అవునో కాదో స్పష్టంగా చెప్పగలిగినప్పుడే బైసెక్ట్ పనిచేస్తుంది. నా దగ్గర ఇరవై మంది తలా 100 మిల్లీసెకన్లు దొంగిలిస్తున్నారు. ప్రతి విడతలోనూ "కొంచెం బాగుందేమో" అన్న నా ఊహే జవాబైంది. అలాంటి జవాబులతో ఏ నిరపరాధినైనా పట్టించవచ్చు.

అసలు చూడాల్సింది "షో రన్నింగ్ ఎక్స్‌టెన్షన్స్" పేజీ. ప్రతి ఎక్స్‌టెన్షన్ ఎప్పుడు లేచిందో, లేవడానికి ఎన్ని మిల్లీసెకన్లు తీసుకుందో అక్కడ కనిపిస్తుంది. ఒక్కో ఎక్స్‌టెన్షన్ తన మానిఫెస్ట్‌లో (వివరాల ఫైల్లో) ఎప్పుడు లేవాలో రాసుకుంటుంది. ఫలానా భాష ఫైల్ తెరిచినప్పుడు అని రాసుకునేవి మర్యాదస్తులు. నక్షత్రం గుర్తు పెట్టుకున్నవి, అవసరం ఉన్నా లేకున్నా ఎడిటర్‌తోపాటే లేస్తాయి. నా 43లో నక్షత్రం పెట్టుకున్నవి 11.

చేసిన మార్పులు:

1. నక్షత్రం ఉన్న 11లో 9 తీసేశాను.
2. మూడు నెలలుగా ముట్టుకోని 15 తీసేశాను. మిగిలినవి 19.
3. వాటిలో వేరే భాషకు పనికొచ్చే 7ని ప్రత్యేక ప్రొఫైల్‌లోకి మార్చాను. ఈ ప్రాజెక్టులో నడిచేవి 12.

ఒకటి తీసేయడానికి మనసొప్పలేదు. ప్రతి లైన్ చివర ఆ లైన్ ఎవరు, ఎప్పుడు రాశారో లేత రంగులో చూపించే ఎక్స్‌టెన్షన్ అది. కర్సర్ కొత్త లైన్‌కి వెళ్ళినప్పుడల్లా గిట్‌ని తట్టిలేపుతోంది. దాన్ని ఉంచి, లైన్ చివరి రాత మాత్రం ఆపేశాను. కావాలంటే షార్ట్‌కట్ కొట్టి చూస్తాను.

ఇప్పటిదాకా: విండో 2.7, సజెషన్ 36, మెమొరీ 2.5 జీబీ. గంటలు: 11.

దశ 2: డిస్క్‌లో ఖాళీ లేదట (3 గంటలు)

ఆ వారంలోనే గిట్‌లో బ్రాంచ్ (కోడ్‌కి ఇంకో శాఖ) మార్చగానే టెర్మినల్లో ఒక ఎర్రర్ పడింది: ఈనోస్పేస్, అంటే డివైస్‌లో చోటు లేదు. వెంటనే పాత బిల్డ్‌లు, డాకర్ ఇమేజ్‌లు, డౌన్‌లోడ్‌లు తుడిచేయడం మొదలుపెట్టాను. 30 జీబీ ఖాళీ అయ్యాక కూడా అదే ఎర్రర్. పక్క సీటు తమ్ముడు వచ్చి చూశాడు.

"అన్నా, డిస్క్ సగం ఖాళీగానే ఉంది కదా, దేన్ని తుడుస్తున్నావ్?"

నిజమే. నిండింది డిస్క్ కాదు, ఐనోటిఫై వాచ్‌ల కోటా. ఫైల్ మారితే చెప్పమని ఎడిటర్ కెర్నెల్‌ని అడుగుతుంది. ఐనోటిఫై లోపలి ఫోల్డర్లను తనంతట తాను చూడదు, ప్రతి ఫోల్డర్‌కీ ఒక వాచ్ పెట్టుకోవాల్సిందే. కోటా అయిపోతే కెర్నెల్ ఇచ్చే ఎర్రర్ కోడ్, డిస్క్ నిండినప్పుడు ఇచ్చే కోడ్ ఒకటే. అందుకే ఈ తికమక.

నా కెర్నెల్‌లో ఆ కోటా 8192. కెర్నెల్ 5.11 నుంచి మెషీన్ మెమొరీని బట్టి కోటా దానంతటదే పెరుగుతుంది. నాది అంతకన్నా పాతది. ప్రాజెక్టులో ఫోల్డర్లు లెక్కపెట్టి చూస్తే 31,200.

ఇలాంటప్పుడు అందరూ చెప్పేది కోటాని 524288 చేయమని. పనైతే అవుతుంది. కానీ 64 బిట్ మెషీన్‌లో ఒక్కో వాచ్‌కి కెర్నెల్ మెమొరీలో సుమారు 1 కేబీ పోతుంది. అసలే చాలని 8 జీబీలో ఎవరూ చదవని ఫోల్డర్లకి కాపలా ఎందుకు? వరస మార్చాను:

1. ముందు వాచర్ ఎక్స్‌క్లూడ్ జాబితాలో నోడ్ మాడ్యూల్స్ (దించుకున్న లైబ్రరీలు), బిల్డ్ ఫోల్డర్, టెస్ట్ కవరేజ్, క్యాష్ చేర్చాను.
2. మళ్ళీ లెక్కిస్తే మిగిలిన ఫోల్డర్లు 1,140.
3. అయినా వేరే టూల్స్ కూడా వాచ్‌లు వాడుకుంటాయి కాబట్టి కోటాని 65536కి పెంచాను. అంతకన్నా ఎక్కువ అవసరం రాలేదు.

మూడు అంకెల్లో ఒక్కటీ మారలేదు. కానీ బ్రాంచ్ మార్చాక ఎడిటర్ గడ్డకట్టే సమయం 20 సెకన్ల నుంచి 3కి దిగింది. దీన్ని కొలతల్లో మొదటే చేర్చి ఉండాల్సింది. రోజూ విసిగించేది అదే, నేను కొలుస్తున్నవేమో వేరేవి.

ఇప్పటిదాకా: విండో 2.7, సజెషన్ 36, మెమొరీ 2.5 జీబీ. గంటలు: 14.

దశ 3: అసలు దొంగ (7 గంటలు)

36 సెకన్లలో ఎడిటర్ వాటా 3 సెకన్లు కూడా లేదు. మిగతాదంతా టైప్‌స్క్రిప్ట్ సర్వర్ (సజెషన్లు తయారుచేసే వెనక ప్రోగ్రామ్) ప్రాజెక్టు మొత్తాన్ని చదువుకునే సమయం. ఆ సర్వర్ ప్రాసెస్ ఒక్కటే 1.6 జీబీ తింటోంది.

ముందు నా పాత పాపం ఒకటి దిద్దాలి. ఏడాది క్రితం సర్వర్ మెమొరీ చాలక పడిపోతుంటే దాని పరిమితిని 3072 ఎంబీ నుంచి 6144కి పెంచాను. 8 జీబీ మెషీన్‌లో! అప్పటి నుంచి సర్వర్ పడిపోకుండా మెషీన్ మొత్తాన్ని స్వాప్‌లోకి (మెమొరీ చాలక డిస్క్‌ని వాడుకునే స్థితిలోకి) ఈడుస్తోంది. వెనక్కి 3072 చేశాను.

తర్వాత కంపైలర్‌కి, అది చదివే ఫైళ్ళ జాబితా చూపే లిస్ట్‌ఫైల్స్ ఫ్లాగ్ ఇచ్చి లైన్లు లెక్కపెట్టాను. 6,840 ఫైళ్ళు. మేం చేత్తో రాసినవి 600 కూడా ఉండవు. అందులో 4,120 ఒకే ఫోల్డర్‌వి: ఏపీఐ వివరణ ఫైల్ నుంచి ఒక జెనరేటర్ పుట్టించిన క్లయింట్ కోడ్.

ఆ ఫోల్డర్ పేరు టీఎస్‌కాన్ఫిగ్‌లో (ప్రాజెక్టు సెట్టింగ్‌ల ఫైల్లో) ఎక్స్‌క్లూడ్ కింద రాసి మళ్ళీ లెక్కపెట్టాను.

6,828.

పన్నెండంటే పన్నెండు ఫైళ్ళు తగ్గాయి. పేరు తప్పు రాశానేమోనని నాలుగు రకాలుగా మార్చి చూశాను. ఎడిటర్ మూశాను, తెరిచాను, క్యాష్ తుడిచాను. రెండు గంటలు ఇలాగే పోయాయి. చివరికి ఎక్స్‌ప్లెయిన్‌ఫైల్స్ ఫ్లాగ్ వాడాను. టైప్‌స్క్రిప్ట్ 4.2లో వచ్చింది ఇది. ప్రతి ఫైల్ కింద అది లోపలికి ఎందుకొచ్చిందో రాస్తుంది. 4 వేల ఫైళ్ళకీ కారణం ఒకటే: ఇండెక్స్ ఫైల్ నుంచి ఇంపోర్ట్ అయింది.

ఎక్స్‌క్లూడ్ అంటే "ఈ ఫోల్డర్‌ని వెతకవద్దు" అని మాత్రమే. "ఈ ఫోల్డర్‌లోంచి ఏదీ రానీయవద్దు" అని కాదు. ఇంపోర్ట్ తలుపులోంచి వచ్చేవాటిని అది ఆపదు. మా కోడ్‌లో ఎక్కడో ఒక లైన్ ఆ క్లయింట్ ఇండెక్స్‌ని ఇంపోర్ట్ చేసుకుంటోంది. ఆ ఇండెక్స్ ఏమో ఉన్నవన్నీ తిరిగి ఎక్స్‌పోర్ట్ చేస్తోంది. చెయ్యి పట్టుకుని ఒకరిని లోపలికి పిలిస్తే ఊరంతా వచ్చినట్టు.

1. ఇండెక్స్ ఇంపోర్ట్‌లు ఎక్కడున్నాయో రిప్‌గ్రెప్ అనే టూల్‌తో వెతికాను: 37 చోట్ల.
2. నిజంగా వాడుకుంటున్న టైపులు 9 ఫైళ్ళలో ఉన్నాయి. ఇంపోర్ట్‌లు నేరుగా ఆ ఫైళ్ళకి మార్చాను. వాటి వెనకే వచ్చేవి కలిపి 64 ఫైళ్ళు. మొత్తం 2,784.
3. టైప్స్ జాబితాలో మాకు కావలసిన ప్యాకేజీల పేర్లే రాశాను. రాయకపోతే ఇన్‌స్టాల్ అయిన టైప్ ప్యాకేజీలన్నీ వచ్చి కూర్చుంటున్నాయి. ఇంకో 430 తగ్గి 2,354.
4. స్కిప్ లిబ్ చెక్ ఆన్ చేశాను. ఇది ఫైళ్ళను చదవడం ఆపదు, డిక్లరేషన్ ఫైళ్ళను తనిఖీ చేయడం ఆపుతుంది అంతే. కమాండ్ లైన్ బిల్డ్‌కి లాభం, ఎడిటర్‌కి పెద్దగా తేడా కనిపించలేదు.
5. ఇండెక్స్ ఇంపోర్ట్ మళ్ళీ రాకుండా లింటర్‌లో (కోడ్‌లో తప్పులు పట్టే టూల్లో) నిషేధం పెట్టాను. రెండో రోజే అది నన్నే పట్టుకుంది. ఎడిటర్ ఆటో ఇంపోర్ట్ ఇండెక్స్ దారినే ఎంచుకుంటోంది.

ఇప్పటిదాకా: విండో 2.6, సజెషన్ 9, మెమొరీ 1.6 జీబీ. గంటలు: 21.

బుద్ధి ఉన్నవాడైతే ఇక్కడ ఆపేవాడు.

దశ 4: నియోవిమ్ (14 గంటలు)

1.6 జీబీ కూడా ఎక్కువే అనిపించింది. టెర్మినల్లో నడిచే తేలికైన ఎడిటర్ నియోవిమ్. దాని 0.11 వెర్షన్‌లో భాషా సర్వర్‌లు తగిలించడం బాగా తేలికైంది. కాన్ఫిగ్ ఒక లైన్, ఎనేబుల్ ఒక లైన్. అదే వాడాను.

మొదటి కొలత: తెరుచుకోవడం 0.31 సెకను. ఎగిరి గంతేశాను. రెండో కొలత: సజెషన్ 8.5 సెకన్లు.

అవును మరి. మైక్రోసాఫ్ట్ 2016లో తెచ్చిన ఎల్ఎస్‌పీ (ఎడిటర్లు, భాషా సర్వర్‌లు మాట్లాడుకునే ఉమ్మడి పద్ధతి) వల్ల ఎడిటర్ ఏదైనా వెనక సర్వర్ అదే. టైప్‌స్క్రిప్ట్ విషయంలో వీఎస్ కోడ్ తన సర్వర్‌తో పాత సొంత భాషలోనే మాట్లాడుతుంది. నియోవిమ్‌లో మధ్యన ఎల్ఎస్‌పీని ఆ భాషలోకి మార్చే దుబాసీ ప్రోగ్రామ్ ఒకటి కూర్చుంటుంది. కానీ చివర పనిచేసేది ఒకే సర్వర్, చదివేది అవే 2,354 ఫైళ్ళు. దశ 3 చేయకుండా నేరుగా ఇక్కడికి వచ్చి ఉంటే నియోవిమ్‌లోనూ అరనిమిషం పైనే ఎదురుచూసి, "ఇదీ అంతే" అని తిట్టుకుంటూ వెనక్కి వెళ్ళేవాణ్ణి.

0.31 ఎక్కడ పోతోందో స్టార్టప్‌టైమ్ ఫ్లాగ్ లైన్ లైన్‌గా చూపించింది. క్లిప్‌బోర్డ్ సెట్టింగ్ 85 మిల్లీసెకన్లు: ఏ క్లిప్‌బోర్డ్ టూల్ ఉందో వెతుకుతోంది. దాన్ని విండో గీసిన తర్వాతకి వాయిదా వేశాను. ముచ్చటకి పెట్టుకున్న స్వాగత తెర 60, తీసేశాను. మిగతా ప్లగిన్లు అవసరమైనప్పుడే లేచేలా చేశాక 0.1 సెకనుకి దిగింది.

కాస్త లెక్క వేద్దాం. రోజుకి నాలుగుసార్లు ఎడిటర్ తెరుస్తాను. సారికి 2.5 సెకన్లు ఆదా, రోజుకి 10 సెకన్లు. నేను పెట్టిన 14 గంటలంటే 50,400 సెకన్లు. 5,040 రోజుల్లో, అంటే దాదాపు 14 ఏళ్ళలో అసలు తిరిగొస్తుంది. వడ్డీ సంగతి దేవుడెరుగు. అసలు లాభం మెమొరీలో ఉంది: 1.6 నుంచి 1.1 జీబీకి.

చేతుల అలవాటు గురించి ఒక్క మాటే: వీఎస్ కోడ్‌కి తిరిగి వెళ్ళినప్పుడు కామెంట్ చివర కోలన్, డబ్ల్యూ (నియోవిమ్‌లో ఫైల్ సేవ్ చేసే కమాండ్) కొట్టి అలాగే కమిట్ చేశాను, రెండుసార్లు.

తెలుగు కీబోర్డ్‌తో వచ్చిన గోల మాత్రం ఎవరూ చెప్పగా వినలేదు. అనువాదాల ఫైల్లో తెలుగు టైప్ చేసి, ఎస్కేప్ కొట్టి, కిందికి వెళ్దామని జే నొక్కాను. కదల్లేదు. సిస్టమ్ ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డ్ లేఅవుట్‌లోనే ఉంది. కర్సర్‌ని జరిపే హెచ్, జే, కే, ఎల్ అనే నాలుగు కీలు ఇన్‌స్క్రిప్ట్‌లో వరసగా ప, ర, క, త. బిల్ జాయ్ నియోవిమ్‌కి పూర్వీకుడైన వీఐ ఎడిటర్ రాసినప్పుడు ఆయన టెర్మినల్ మీద బాణం గుర్తులు ఆ నాలుగు కీల మీదే ఉండేవి. నియోవిమ్‌కి ర అంటే ఏ అర్థమూ లేదు.

దారి: సిస్టమ్ లేఅవుట్ ఎప్పుడూ ఇంగ్లీషులోనే ఉంచాలి. ఇన్‌స్క్రిప్ట్ పట్టికని నియోవిమ్ సొంత కీమ్యాప్ ఫైల్‌గా రాసుకోవాలి. అది ఇన్సర్ట్ మోడ్‌లోనే (మాటలు టైప్ చేసేటప్పుడే) పనిచేస్తుంది, కంట్రోల్‌తో క్యారెట్ కీ నొక్కితే ఆన్, ఆఫ్ అవుతుంది. పట్టిక రాయడానికి గంటన్నర పట్టింది. ఈ డైరీలో మళ్ళీ చేయమన్నా సంతోషంగా చేసే పని అదొక్కటే.

ఇప్పటిదాకా: తెరుచుకోవడం 0.1, సజెషన్ 8.5, మెమొరీ 1.1 జీబీ. గంటలు: 35.

దశ 5: 24 అక్షరాలు పక్కకి (9 గంటలు)

అనువాదాల ఫైళ్ళలో తప్పులు పట్టే చిన్న లింట్ స్క్రిప్ట్ ఒకటి నేనే రాసుకున్నాను. ఇన్నాళ్ళూ టెర్మినల్లో నడిపేవాణ్ణి. దాన్ని ఒక చిన్న భాషా సర్వర్‌గా మార్చి ఎడిటర్‌కి తగిలించాను. ఇంగ్లీషు లైన్లలో ఎర్ర గీత సరిగ్గా తప్పు కిందే పడింది. తెలుగు లైన్లలో తప్పు ఒకచోట, గీత ఇంకోచోట.

ఒక లైన్ తీసుకుని వేళ్ళ మీద లెక్కపెట్టాను. అందులో "నమోదు వివరాలు" అని ఉంది, దాని తర్వాత కామా తప్పు. గీత 24 అక్షరాలు కుడికి జరిగి ఉంది.

నమోదు: న, మ, ో, ద, ు. 5 కోడ్ పాయింట్లు (యూనికోడ్ ఒక్కో అక్షరానికీ, గుర్తుకీ ఇచ్చిన అంకెలు).
వివరాలు: వ, ి, వ, ర, ా, ల, ు. 7.
మధ్య ఖాళీతో కలిపి 13.

అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు కోడ్ పాయింట్‌కి 3 బైట్లు: 15, 1, 21, మొత్తం 37. 37లోంచి 13 తీస్తే 24.

దొరికింది. నా స్క్రిప్ట్ బైట్లు లెక్కించి స్థానం చెబుతోంది. ఎల్ఎస్‌పీలో స్థానం అంటే, వేరే ఒప్పందం లేకపోతే, యూటీఎఫ్-16 యూనిట్లలో. ఇంగ్లీషు అక్షరాలకి రెండూ 1 కాబట్టి ఏడాదిగా ఈ తప్పు బయటపడలేదు. ఎల్ఎస్‌పీ 3.17 నుంచి సర్వర్, ఎడిటర్ మొదట్లోనే ఏ లెక్క వాడాలో మాట్లాడుకోవచ్చు. కానీ యూటీఎఫ్-16ని అందరూ ఒప్పుకోవాల్సిందే కాబట్టి నా స్క్రిప్ట్‌లోనే మార్పిడి రాశాను. ఆరు లైన్లు. కారణం వెతకడానికి నాలుగు గంటలు.

ఇక్కడితో పోలేదు. టెర్మినల్లో కర్సర్ కూడా దారి తప్పుతోంది. స్త్రీ అనే ఒక్క మాటకే ఎన్ని కొలతలున్నాయో చూడండి:

1. యూటీఎఫ్-8 బైట్లు: 18.
2. కోడ్ పాయింట్లు: 6 (స, ్, త, ్, ర, ీ).
3. టెర్మినల్ గళ్ళు: నా టెర్మినల్ లెక్కలో 3. పొల్లుకీ గుడి దీర్ఘానికీ సున్నా వేస్తోంది.
4. చదివేవాడి కంటికి: 1.

యూనికోడ్ 15.1 నుంచి, అంటే 2023 నుంచి, ఇలాంటి ఒత్తుల గుత్తి మొత్తాన్ని ఒకే గుచ్ఛంగా చూడాలన్న నియమం ఉంది. అంతకుముందు నియమాల ప్రకారం స్త్రీ మూడు ముక్కలు. ఎడిటర్ ఒక నియమం, టెర్మినల్ ఇంకో నియమం పాటిస్తే కర్సర్ ఒకచోట కనిపిస్తుంది, అక్షరం ఇంకోచోట చెరుగుతుంది. ఫాంట్లు మార్చాను, మూడు టెర్మినళ్ళు మార్చాను. ఒకదాంట్లో ఒత్తులు బాగా కూర్చున్నాయి కానీ లైన్ చివర ఖాళీ గళ్ళు మిగిలాయి. ఇంకోదాంట్లో గళ్ళు సరిపోయాయి, ఒత్తులు విడిపోయి పొల్లులతో కనిపించాయి. ఐదు గంటల తర్వాత ఓటమి ఒప్పుకున్నాను.

ఇదే సందర్భంలో ఇంకొకటి బయటపడింది. "సాఫ్ట్‌వేర్" అని వెతికితే ఉన్న 19లో 12 మాత్రమే దొరికాయి. మిగతా 7 చోట్ల ట్ తర్వాత వ విడిగా నిలవడానికి పెట్టే కంటికి కనిపించని అక్షరం, యూనికోడ్ 200సీ, లేదు. తెర మీద వ ఒత్తుగా మారి మాట కాస్త వేరేగానే కనిపిస్తుంది. కానీ పైపైన చూసుకుంటూ పోతే పట్టుబడదు. ఆ తనిఖీ కూడా లింట్ స్క్రిప్ట్‌లో చేర్చాను.

ఇప్పటిదాకా: అంకెలు మారలేదు. గంటలు: 44.

దశ 6: సర్దుబాటు (2 గంటలు)

కోడ్ నియోవిమ్‌లో, అనువాదాల ఫైళ్ళు వీఎస్ కోడ్‌లో. అనువాదాలకని ఖాళీ ప్రొఫైల్ పెట్టుకున్నాను: నా లింట్‌ని తగిలించే ఎక్స్‌టెన్షన్, తెలుగు ఫాంట్, అంతే. టైప్‌స్క్రిప్ట్ సర్వర్ లేవకుండా అనువాదాల ఫోల్డర్ ఒక్కటే తెరుస్తాను. రెండూ ఒకేసారి నడిస్తే మెమొరీ 1.5 జీబీ.

సెట్టింగ్‌లన్నీ గిట్‌లో పెట్టి, వేరే మెషీన్‌లో దించి చూశాను. 25 నిమిషాల్లో నిలబడాల్సింది. సర్వర్ వెర్షన్ రాసుకోకపోవడంతో కొత్తది దిగి గంట తినేసింది. ఇప్పుడు వెర్షన్ కూడా ఫైల్లో ఉంది.

గంటలు: 46. నిన్న మళ్ళీ కొలిస్తే సజెషన్ 14 సెకన్లు చూపించింది. లిస్ట్‌ఫైల్స్ 3,900 అంటోంది. జెనరేటర్ కొత్త వెర్షన్ ఆ 9 ఫైళ్ళలో ఒకదాని పైన ఇండెక్స్ ఇంపోర్ట్ తనే రాసుకుంది. ఎక్స్‌ప్లెయిన్‌ఫైల్స్ నడుస్తోంది.